ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెన్సర్ల నిర్వహణ

ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెన్సర్ల నిర్వహణ అనగా కంప్యూటరుకు, మొబైల్ ఫోనుకు లేదా కొలత కేంద్రాలలోని చిన్న యంత్రాలకు అనుసంధానించిన వివిధ రకాల సెన్సర్లను గుర్తించి, వాటి నుండి విలువలను గ్రహించి, ప్రోగ్రాములకు అర్థవంతమైన రూపంలో అందించే విధానం. సెన్సర్‌ను తెలుగులో సంవేదకం అని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్వహణ వ్యవస్థ అని కూడా వ్యవహరిస్తారు. ఉష్ణోగ్రత, పీడనం, వెలుతురు, కదలిక, నీటిమట్టం వంటి భౌతిక రాశులను విద్యుత్ సంకేతాలుగా మార్చేది సెన్సర్. ఆ సంకేతాన్ని సంఖ్యగా, ఆ సంఖ్యను కొలతగా మార్చి అందించవలసిన బాధ్యతలో ప్రధాన భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌ది. సెన్సర్లన్నింటినీ ఒకే పద్ధతిలో చదవగలిగే సౌలభ్యం కల్పించడం, అదే సమయంలో వాటి మధ్యనున్న ముఖ్యమైన తేడాలను మరుగుపరచకపోవడం ఈ నిర్వహణలోని మూలసూత్రం.

== నేపథ్యం ==

కీబోర్డు, ముద్రణ యంత్రం వంటి పరికరాలలో తప్పు జరిగితే అది వెంటనే కంటికి కనిపిస్తుంది. సెన్సర్ విషయం అట్లా కాదు. తప్పుడు విలువ కూడా చూడటానికి సరైన సంఖ్యవలెనే ఉంటుంది. 31 అనే సంఖ్య నీటి ఉష్ణోగ్రతా, గాలిలోని తేమ శాతమా, నిన్నటి విలువా, చెడిపోయిన సెన్సర్ ఇచ్చిన విలువా అనేది ఆ సంఖ్యను మాత్రమే చూచి చెప్పలేము. కనుక సెన్సర్ విలువతో పాటు నాలుగు విషయాలు తెలియాలి:

* కొలిచిన రాశి, దాని ప్రమాణం
* ఏ మూలబిందువు నుండి కొలిచారు
* ఏ క్షణాన కొలిచారు
* ఆ విలువ ఎంతవరకు నమ్మదగినది

ఈ నాలుగింటిని విలువ నుండి విడిపోకుండా ప్రోగ్రాము వరకు చేర్చగలిగినదే మంచి ఏర్పాటు.

== ఒక ఉదాహరణ ==

విషయం సులభంగా అర్థమగుటకు గోదావరి తీరాన ఒక నీటిమట్ట కేంద్రాన్ని ఊహించుకుందాం. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కె.గంగవరం మండలంలోని కోటిపల్లి గౌతమీ గోదావరి ఎడమ ఒడ్డున ఉన్నది. ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. అక్కడి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి, 13.75 అడుగులకు చేరినప్పుడు రెండవ, 17.75 అడుగులకు చేరినప్పుడు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఎగువనున్న భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగుల, 2022 జూలైలో 71.3 అడుగుల నీటిమట్టం నమోదయింది. ఆ రెండు సందర్భాలలోనూ కోనసీమ లంక గ్రామాలు ముంపునకు గురయినవి. లంకవాసులు పశువులతో, సామానుతో ఎప్పుడు గట్టుకు చేరుకోవాలనేది ఇటువంటి కొలతల మీద ఆధారపడి ఉంటుంది.

మనం ఊహించిన కేంద్రంలో లినక్స్ ఆధారంగా పనిచేసే ఒక చిన్న కంప్యూటరు, దానికి అనుసంధానించిన ఈ క్రింది పరికరాలు ఉన్నవని అనుకుందాం.

* నీటి ఉపరితలం మీదికి తరంగాలను పంపి దూరాన్ని కొలిచే రాడార్ సెన్సర్
* వాన నీటితో నిండినప్పుడల్లా ఒరిగి ఖాళీ అయ్యే చిన్న దొన్నె గల వర్షమాపకం
* నీటి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్
* బ్యాటరీ ఓల్టేజీని కొలిచే ఏర్పాటు

== సెన్సర్లలో రకాలు ==

పై నాలుగు పరికరాలు నాలుగు విధాలుగా ప్రవర్తిస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో సెన్సర్లను స్థూలంగా ఇట్లా విభజించవచ్చు.

అడిగితే చెప్పేవి: ఉష్ణోగ్రత, బ్యాటరీ ఓల్టేజీ వంటివి నెమ్మదిగా మారతాయి. ప్రోగ్రాముకు అవసరమైనప్పుడు అడిగి తెలుసుకుంటే చాలును.

సంఘటనను తెలియజేసేవి: వర్షమాపకంలోని దొన్నె ఒరిగినప్పుడల్లా ఒక స్విచ్చి మూసుకొని తెరుచుకుంటుంది. ఒక్కొక్క ఒరుగుదల 0.2 లేదా 0.5 మిల్లీమీటర్ల వంటి నిర్ణీత వర్షపాతానికి సమానం. దీనిని మాటిమాటికీ అడుగుతూ కూర్చుంటే మధ్యలో జరిగిన ఒరుగుదల తప్పిపోవచ్చు. అందుచేత స్విచ్చి మారిన వెంటనే ప్రాసెసర్ దృష్టిని మళ్ళించే 'అంతరాయం' అనే పద్ధతిని వాడతారు. అయితే స్విచ్చి మూసుకొనేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతుంది. ఆ అదురును వేరుచేయకపోతే ఒక ఒరుగుదల మూడు నాలుగుగా లెక్కకు వచ్చి, లేని వాన ఉన్నట్లు కనిపిస్తుంది.

ప్రవాహంగా వచ్చేవి: ఫోనులోని త్వరణ సెన్సర్, భ్రమణాన్ని కొలిచే గైరోస్కోపు వంటివి సెకనుకు పదులు, వందల సార్లు విలువలను ఇస్తాయి. ఒక్కొక్క విలువ కోసం ప్రోగ్రామును మేల్కొల్పడం వృథా కనుక వీటిని ఒక నిల్వ వరుసలో పోగుచేసి ఒకేసారి అందిస్తారు.

లెక్కకట్టి ఇచ్చేవి: అడుగుల లెక్కింపు, ఫోను ఏ దిశకు తిరిగి ఉన్నదో తెలపడం మొదలైనవి నేరుగా కొలిచినవి కావు. ఒకటి లేదా అంతకు మించిన సెన్సర్ల విలువలనుండి గణించి రాబట్టినవి.

== గుర్తించడం, డ్రైవరు ==

ఒక సెన్సర్‌తో ఏ భాషలో మాట్లాడాలో తెలిసిన ప్రోగ్రామును డ్రైవరు అంటారు. యూఎస్‌బీ ద్వారా కలిపిన పరికరం తానెవరో తానే చెప్పుకుంటుంది. కనుక దానికి తగిన డ్రైవరును ఆపరేటింగ్ సిస్టమ్ స్వయంగా ఎంచుకోగలదు. ఫిలిప్స్ సంస్థ 1982లో రూపొందించిన ఐ2సీ అనే రెండు తీగల పద్ధతిలో ఆ సౌకర్యం లేదు. ఆ తీగలపై ఫలానా చిరునామాలో ఏదో ఒక పరికరం ఉన్నదని తెలుస్తుంది గాని, అది ఏ పరికరమో నిశ్చయంగా తెలియదు. కనుక ఏ చిరునామాలో ఏ సెన్సర్ ఉన్నదో తెలిపే వర్ణన పట్టికను ముందుగానే ఇవ్వవలసి ఉంటుంది. చిన్న యంత్రాలలో దీనికి డివైస్ ట్రీ అనే ఏర్పాటును, సాధారణ కంప్యూటర్లలో ఏసీపీఐ అనే ఏర్పాటును వాడతారు.

ఊహించిన సెన్సర్ లేకపోయినా, స్పందించకపోయినా మిగిలిన యంత్రం ఆగిపోరాదు. ఉష్ణోగ్రత సెన్సర్ తీగ తెగినందువల్ల నీటిమట్టం నమోదు నిలిచిపోవడం తగదు కదా! అందువల్ల ప్రతి డ్రైవరు నిర్ణీత గడువు వరకే వేచి చూచి, ఆపైన వైఫల్యాన్ని స్పష్టంగా తెలియజేయాలి.

== ముడి విలువనుండి కొలతకు ==

పరిశ్రమలలో వాడే చాలా సెన్సర్లు తమ కొలతను 4 నుండి 20 మిల్లీయాంపియర్ల విద్యుత్ ప్రవాహంగా పంపుతాయి. మన రాడార్ సెన్సర్‌ను 0 నుండి 15 మీటర్ల దూరానికి సరిచేశామనుకుందాం. అప్పుడు 12 మిల్లీయాంపియర్లు అంటే సరిగ్గా మధ్యబిందువు, అనగా 7.5 మీటర్లు. ఆ ప్రవాహాన్ని 250 ఓముల నిరోధం ద్వారా పంపితే 3 ఓల్టులు ఏర్పడుతుంది. 0 నుండి 5 ఓల్టుల వరకు చదవగలిగిన 12 బిట్ల పరివర్తకం దానిని సుమారు 2458 అనే సంఖ్యగా మారుస్తుంది. ఈ 2458 ముడి విలువ. దీనిని చూచి నదిలో నీరెంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు.

లినక్స్‌లోని ఇండస్ట్రియల్ ఐఓ అనే విభాగం ముడి విలువతో పాటు దానికి కలపవలసిన సవరణను, గుణించవలసిన గుణకాన్ని కూడా ప్రోగ్రాములకు అందుబాటులో ఉంచుతుంది. ముడి విలువకు సవరణను కలిపి గుణకంతో గుణిస్తే నిర్ణీత ప్రమాణంలో కొలత వస్తుంది. ఓల్టేజీ మిల్లీఓల్టులలోను, ఉష్ణోగ్రత డిగ్రీ సెల్సియస్‌లో వెయ్యవ వంతులలోను, పీడనం కిలోపాస్కళ్ళలోను ఉండాలని నియమం. కనుక 31 డిగ్రీల ఉష్ణోగ్రత 31000గా కనిపిస్తుంది. సెన్సర్‌ను ఏ సంస్థ తయారుచేసినా ప్రోగ్రాము మారనవసరం లేదు.

ప్రమాణాల విషయంలో ఏమరుపాటు ఎంతటి నష్టానికి దారితీయగలదో 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నిరూపించింది. ఒక ప్రోగ్రాము పౌండు-సెకన్లలో ఇచ్చిన విలువలను మరొకటి న్యూటన్-సెకన్లుగా భావించడం వలన ఆ వ్యోమనౌక అంగారకుని వద్ద నాశనమయినది.

ప్రమాణం ఒక్కటే సరిపోదు. మూలబిందువు కూడా తెలియాలి. మొదటి ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 43 అడుగుల వద్ద, ధవళేశ్వరంలో 11.75 అడుగుల వద్ద జారీ అవుతుంది. రెండూ అడుగులే అయినా కొలబద్దల సున్నాలు వేరు. కేంద్ర జలసంఘం నివేదికలలో నీటిమట్టాన్ని సముద్రమట్టం నుండి మీటర్లలో చూపుతారు. మరొక చిక్కు ఏమనగా, రాడార్ సెన్సర్ కొలిచేది నీటిమట్టాన్ని కాదు, తన నుండి నీటి వరకు గల దూరాన్ని. నది పొంగేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. సెన్సర్ ఎంత ఎత్తున బిగించి ఉన్నదో తెలిస్తేనే దూరాన్ని నీటిమట్టంగా మార్చగలం. ఆ ఎత్తు స్థలాన్ని బట్టి మారేది కనుక దానిని డ్రైవరులో పాతుకుపోయేలా వ్రాయరాదు. కేంద్రాన్ని నెలకొల్పినవారు మార్చగలిగే చోట ఉంచాలి.

== సున్నా వేరు, సమాచారం లేకపోవడం వేరు ==

4-20 మిల్లీయాంపియర్ల పద్ధతిలో సున్నా కొలతకు 4 మిల్లీయాంపియర్లను కేటాయించడంలో ఒక ఔచిత్యం ఉన్నది. తీగ తెగితే ప్రవాహం 0 అవుతుంది. 4 వస్తే కొలత సున్నా, 0 వస్తే తీగ తెగినది అని తేడా తెలిసిపోతుంది. హార్డ్‌వేర్ ఇంత శ్రద్ధతో కాపాడిన తేడాను డ్రైవరు పోగొట్టరాదు. తీగ తెగినప్పుడు దోషాన్ని తెలుపకుండా సున్నా అనే విలువను అందిస్తే, చూచేవారికి నది ప్రశాంతంగా ఉన్నట్లు గాని, కట్ట మీదికి వచ్చినట్లు గాని కనిపించవచ్చు. మొదటిది ప్రాణాపాయం. రెండవది ప్రజలకు హెచ్చరికలపై నమ్మకం సడలిపోవడానికి కారణం.

విరివిగా వాడే డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ మరొక చక్కని ఉదాహరణ. విద్యుత్తు అందిన తరువాత మొదటి కొలత పూర్తికాకముందే దానిని చదివితే 85 డిగ్రీలు అని చూపుతుంది. అది కొలిచిన విలువ కాదు, సెన్సర్‌లో మొదటినుండి నింపి ఉంచిన విలువ. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. రొయ్యల చెరువులో నీరు 85 డిగ్రీలు ఉండదు కనుక మనిషి చూస్తే వెంటనే సందేహిస్తాడు. కాని రోజువారీ సగటు లెక్కించే ప్రోగ్రాము సందేహించదు. 30 డిగ్రీల చొప్పున వచ్చిన 23 విలువలతో ఒక 85 కలిస్తే సగటు సుమారు 32.3 అవుతుంది. ఈ 32.3 మనిషికి కూడా నిజమైనదిగానే కనిపిస్తుంది. ఒకసారి సగటులో కలిసిన తప్పును తరువాత వెదకి పట్టుకోవడం కష్టం.

ఇందుకు పరిష్కారం ప్రతి విలువకు నాణ్యతా సూచికను జతచేయడం. ఆండ్రాయిడ్‌లో సెన్సర్ విలువతో పాటు దాని ఖచ్చితత్వం ఎక్కువ, మధ్యమం, తక్కువ, నమ్మదగనిది అనే స్థాయిలలో ఏదో కూడా అందుతుంది. సందేహాస్పదమైన విలువను తొలగించి వేయడం కూడా మంచిది కాదు. అసాధారణంగా కనిపించినది ఒక్కొక్కసారి నిజమైన వరద కావచ్చు. గుర్తు పెట్టి అట్టే ఉంచితే నిర్ణయించవలసినవారు నిర్ణయిస్తారు.

== కాలముద్ర ==

విలువను ఎప్పుడు కొలిచారో తెలిపే గుర్తును కాలముద్ర అనవచ్చు. ప్రోగ్రాము విలువను అందుకొన్న సమయం వేరు, సెన్సర్ కొలిచిన సమయం వేరు. కాబట్టి హార్డ్‌వేర్‌కు వీలైనంత దగ్గరగా, అంతరాయం వచ్చిన క్షణంలోనే కాలముద్ర వేయాలి.

కంప్యూటరులో రెండు రకాల గడియారాలు ఉంటాయి. ఒకటి మన గోడ గడియారం వంటిది. నెట్‌వర్కు ద్వారా సరిచేసినప్పుడు ఇది ముందుకో వెనుకకో దూకవచ్చు. రెండవది యంత్రం మొదలైనప్పటి నుండి ముందుకే నడిచేది. రెండు విలువల మధ్య వ్యవధిని లెక్కించడానికి రెండవదే తగినది. ఆండ్రాయిడ్ సెన్సర్ కాలముద్రలు నానోసెకన్లలో ఈ రెండవ పద్ధతిని అనుసరిస్తాయి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లలో నాలుగవ తరం వరకు బ్యాటరీతో నడిచే గడియారం లేదు. 2023లో వచ్చిన ఐదవ తరంలో ఆ ఏర్పాటు చేశారు. గడియారం లేని యంత్రం విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు, నెట్‌వర్కు అందేవరకు తప్పుడు సమయాన్నే చూపుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను ఛిన్నాభిన్నం చేసిన తుపాను వంటిది వచ్చినప్పుడు విద్యుత్తు, సమాచార సంబంధాలు రెండూ ఒకేసారి తెగిపోతాయి. కొలతలు అత్యవసరమైన గంటలలోనే గడియారం తప్పుతుంది. సమయం సరికాలేదని తెలిపే గుర్తును కూడా విలువతో పాటు నమోదు చేస్తే, తరువాత దానిని సరిదిద్దుకోవచ్చు.

== వేగం, విద్యుత్తు పొదుపు ==

ప్రతి సెన్సర్‌ను అత్యధిక వేగంతో చదవడం వలన బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. రెండు ప్రోగ్రాములు ఒకే సెన్సర్‌ను వేర్వేరు వేగాలతో కోరితే, ఆపరేటింగ్ సిస్టమ్ వాటిలో ఎక్కువ వేగంతో సెన్సర్‌ను నడిపి ఇద్దరికీ అందిస్తుంది. ఎవరికీ అవసరం లేనప్పుడు సెన్సర్‌ను నిద్రపుచ్చుతుంది. 2013లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.4లో విలువలను సెన్సర్ నిల్వలోనే పోగుచేసి గుంపుగా అందించే పద్ధతిని ప్రవేశపెట్టారు. ప్రధాన ప్రాసెసర్ అంతవరకు నిద్రలో ఉండవచ్చు.

పరిస్థితిని బట్టి వేగాన్ని మార్చడం మరొక మార్గం. 2004 డిసెంబరు 26నాటి సునామీ తరువాత హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమయినది. భూకంప కేంద్రాలు, సముద్రపు అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలు, తీరంలోని పోటుమాపకాలు అనే మూడు భిన్నమైన సెన్సర్ వ్యవస్థల సమాచారాన్ని అక్కడ ఒకచోట చేర్చి పరిశీలిస్తారు. సునామీలను కనిపెట్టే డార్ట్ రకపు పీడన పరికరాలు మామూలు సమయంలో 15 నిమిషాలకు ఒక విలువ చొప్పున తెలియజేస్తాయి. అసాధారణమైన మార్పును పసిగట్టినప్పుడు మొదట 15 సెకన్ల విలువలను, తరువాత నిమిషపు సగటులను పంపుతాయి.

== ఒకటికంటె ఎక్కువ సెన్సర్లు ==

కొన్ని కొలతలు మరొక సెన్సర్ సహాయం లేకుండా సరిగా రావు. రొయ్యల చెరువులో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ విలువను నీటి ఉష్ణోగ్రత, లవణీయతలను బట్టి సవరించాలి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. ఏరేటర్లను ఆ వేళకు తిప్పకపోతే పంట నష్టపోయే ప్రమాదం ఉన్నది. కాబట్టి ఉష్ణోగ్రత, ఆక్సిజన్ విలువలు రెండూ ఒకే సమయానికి చెందినవై ఉండాలి.

ఒకే రాశిని రెండు సెన్సర్లు కొలుస్తున్నప్పుడు అవి విభేదిస్తే, ఆ విభేదాన్ని పైకి తెలియజేయాలి. బోయింగ్ 737 మాక్స్ విమానాలలో గాలికి విమానం ఏ కోణంలో ఉన్నదో కొలిచే సెన్సర్లు రెండు ఉన్నా, ఎంకాస్ అనే నియంత్రణ ప్రోగ్రాము ఒక్కసారికి ఒక్క సెన్సర్‌నే ఆధారంగా తీసుకొనేది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలోను, 2019 మార్చిలో ఇథియోపియాలోను జరిగిన రెండు ప్రమాదాలలో తప్పుడు కోణపు విలువలే ఆ ప్రోగ్రామును పనిచేయించినవి. మొత్తం 346 మంది మరణించారు. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపం కాకపోయినా, ఒకే సెన్సర్‌ను గుడ్డిగా నమ్మరాదన్న పాఠం అన్ని వ్యవస్థలకూ వర్తిస్తుంది.

== గోప్యత, అనుమతులు ==

కెమెరా, మైకు, స్థానాన్ని తెలిపే జీపీఎస్‌లకు అనుమతి అడగడం అందరికీ తెలిసినదే. కాని నిరపాయమైనవిగా కనిపించే సెన్సర్లు కూడా రహస్యాలను వెల్లడించగలవు. ఫోనులోని గైరోస్కోపు గాలిలోని ధ్వని ప్రకంపనలకు స్పందిస్తుందని, దాని విలువలనుండి మాటలను కొంతవరకు గుర్తించవచ్చునని 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి చూపించారు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుండి తెరవెనుక నడిచే ప్రోగ్రాములకు నిరంతర సెన్సర్ విలువలు అందడం ఆగిపోయింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి అడుగుల లెక్కకు అనుమతి తప్పనిసరి అయినది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుండి కదలిక సెన్సర్లను సెకనుకు 200 సార్లకు మించి చదవడానికి ప్రత్యేక అనుమతిని ప్రకటించవలసి ఉంటుంది.

== వివిధ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ==

* యూనిక్స్: 1970ల నుండి పరికరాలను కూడా ఫైళ్ళవలె తెరచి చదివే సంప్రదాయం దీనిది. తరువాతి వ్యవస్థలకు ఇదే మార్గదర్శి.
* లినక్స్: కంప్యూటరు లోపలి ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం వంటి వాటికి హార్డ్‌వేర్ మానిటరింగ్ విభాగం, ఇతర కొలతలకు ఇండస్ట్రియల్ ఐఓ విభాగం ఉన్నవి. రెండవది 2009లో ప్రయోగదశలో లినక్స్ కెర్నెల్‌లో చేరి, 2012లో ప్రధాన భాగంలోకి వచ్చింది.
* విండోస్: 2009లో వెలువడిన విండోస్ 7లో సెన్సర్లకు, స్థాన సమాచారానికి ఉమ్మడి వేదికను కల్పించారు.
* ఆండ్రాయిడ్: లినక్స్ కెర్నెల్‌పై ఒక మధ్యస్థ పొరను ఏర్పరచి, ఫోను తయారీదారు ఎవరైనా ప్రోగ్రాములకు ఒకే రూపంలో విలువలు అందేట్లు చేస్తుంది. ఫోనును బల్లపై వెల్లకిల ఉంచితే త్వరణ సెన్సర్ నిలువు అక్షంపై సుమారు 9.81 చూపడం అన్ని ఆండ్రాయిడ్ ఫోనులకూ వర్తించే నియమం.

== ఆపరేటింగ్ సిస్టమ్ చేయకూడనివి ==

కొలవడం, నిర్ణయించడం వేర్వేరు పనులు. నీటిమట్టం ఎంత, ఎప్పుడు కొలిచినది, ఎంత నమ్మవచ్చును అనే మూడింటిని నిజాయితీగా అందించడం ఆపరేటింగ్ సిస్టమ్ కర్తవ్యం. ఆ మట్టం ప్రమాదకరమా కాదా అనే నిర్ణయాన్ని అది చేయరాదు. ఆ పనిని పై ప్రోగ్రాములకు, వాటి వెనుకనున్న అధికారులకు విడిచిపెట్టాలి. ప్రమాద హెచ్చరిక స్థాయిలు మారవచ్చు, సెన్సర్ కూడా మారవచ్చు. రెండింటినీ ఒకే డ్రైవరులో ముడివేస్తే ఒకటి మార్చినప్పుడు రెండవది చెడుతుంది. అట్లే అవసరానికి మించి సగటులు తీసి, నునుపుచేసి అందించడం కూడా సరికాదు. గంటల తరబడి సాగే వరదకు నిమిషపు సగటు చాలును గాని, సెకన్లలో ముగిసే భూకంప కంపనానికి అదే సగటు ఆనవాలు లేకుండా చేస్తుంది. ముడి విలువను కూడా అందుబాటులో ఉంచితే, ఏది తనకు కావాలో ప్రోగ్రామే ఎంచుకొనగలదు.

== ఇవి కూడా చూడండి ==

* ఆపరేటింగ్ సిస్టమ్
* లినక్స్
* సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ
* కోటిపల్లి
* సునామీ